నదికి అటు పదిహేడు, ఇటు పద్దెనిమిది

బెరిల్ హాకింగ్ ముప్పై ఒక్క ఏళ్లు డ్రైవింగ్ లైసెన్సుల కౌంటరు వెనక కూర్చుంది. కోబ్రం ఊళ్లో నలభై దాటినవాళ్లలో ఆమె చేతి మీదుగా లైసెన్సు పుచ్చుకోనివాళ్లు తక్కువ. ఫొటోకి పళ్లు కనబడకూడదని ఆమె చేత చెప్పించుకున్నవాళ్లు, పుట్టినతేదీ కొట్టివేతలతో రాసి చీవాట్లు తిన్నవాళ్లు, ఇప్పటికీ ఆమె సూపర్ మార్కెట్లో ఎదురైతే తెలియకుండానే నడుం నిటారు చేస్తారు.

రిటైరయ్యాక ఆమె కుర్చీ మారింది, అంతే. కౌంటరు వెనక నుంచి కారులో ఎడమ సీటుకి వచ్చింది. నూట ఇరవై గంటలు పక్కన లైసెన్సున్న పెద్దమనిషిని కూర్చోబెట్టుకుని నడిపి, ప్రతి ప్రయాణమూ పుస్తకంలో రాసి సంతకం పెట్టించుకుంటే కానీ పిల్లల్ని టెస్టుకి రానివ్వరు. ఇంట్లో కారున్న పిల్లలకి అదో లెక్క కాదు. ఇల్లే నిలకడగా లేని పిల్లలకి ఆ గంటలు ఎవరిస్తారు? బెరిల్ ఇస్తుంది. పదకొండేళ్లలో అలా పందొమ్మిది మంది పక్కన కూర్చుంది.

ఎందుకని అడిగితే ఆమె తొంభై నాలుగులో వచ్చిన ఒక అమ్మాయి సంగతి చెబుతుంది. చంకలో ఆరు నెలల బిడ్డ. చెవి నొప్పితో ఎర్రగా ఏడుస్తున్నాడు. వాళ్లుండేది ఊరికి ఇరవై కిలోమీటర్ల అవతల పీచ్ తోటలో. ఆ అమ్మాయికి పద్దెనిమిది నిండడానికి ఇంకా పదకొండు రోజులున్నాయి. "పదకొండు రోజులయ్యాక రా" అని కాగితాలు వెనక్కి తోసింది బెరిల్. తప్పేం చేయలేదు. కానీ ఆ సాయంత్రం టీ కలుపుకుంటూ ఆగిపోయింది. బిడ్డని కనడానికి ఆ పిల్లని ఎవరూ వయసు అడగలేదు. ఆ బిడ్డని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లడానికి మాత్రం వయసు చాల్లేదు. ఎక్కడ లోపమో ఆమెకి అప్పుడూ తెలియలేదు, ఇప్పుడూ పూర్తిగా తెలియదు.

ఇరవయ్యో పిల్ల టెగన్ మార్లో. పొట్టిగా, గట్టిగా ఉంటుంది. చేతుల మీద ఎప్పుడూ గ్రీజు మరక ఒకటి. తల్లి పెంచలేక ప్రభుత్వం పెంపుడు ఇళ్లలో పెట్టిన పిల్ల. ఇప్పుడుంటున్నది పదకొండో ఇల్లు. లొరెయిన్ అనే ఆవిడది.

మొదటి రోజు కారెక్కగానే టెగన్ అద్దం సర్దుకుని, "నువ్వు అరుస్తావట కదా" అంది.

"ఎవరన్నారు?"

"ఊళ్లో అందరూ."

"అరవను. ఊపిరి గట్టిగా పీలుస్తాను. అది వినబడితే బ్రేకు తొక్కు."

అలా ఏడాది గడిచింది. జనవరి చివరికి నూట ఇరవై గంటలూ పూర్తయ్యాయి. టెగన్‌కి మే పదహారుకి పద్దెనిమిది నిండుతాయి. ఈలోగా ఆ పిల్ల నాలుగేళ్లుగా కలలు కంటున్న ఉద్యోగం వచ్చింది. నదికి అవతల, బెరిగన్ ఊరికి పోయే దారిలో, కార్మెలా అనే ఆవిడ ట్రాక్టర్లు, నీటి పంపులు బాగుచేసే వర్క్‌షాపు నడుపుతుంది. అప్రెంటిస్ కావాలంది. టెగన్ ఒక పాత పంపు విప్పి బిగించి చూపించింది. నచ్చింది. కానీ ఫిబ్రవరి పదికల్లా సొంతంగా బండి నడుపుకుంటూ రావాలి, లేకపోతే వరసలో ఇంకొకరున్నారు.

ఇదీ చిక్కు. అటు ఒడ్డు న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రం. అక్కడ పదిహేడేళ్లకి ఒంటరిగా నడపనిస్తారు. ఇటు ఒడ్డు, అంటే కోబ్రం, విక్టోరియా రాష్ట్రం. ఇక్కడ పద్దెనిమిది. మధ్యలో ఉన్నది ఒక నది, దాని మీద ఒక బ్రిడ్జి. ఒకే బడి, ఒకే ఫుట్‌బాల్ జట్టు, ఒకే రొట్టెల దుకాణం. టెగన్ తరగతిలో అవతలి ఒడ్డున ఉన్న బరూగ నుంచి వచ్చే పిల్లలు అప్పుడే బండ్లేసుకుని తిరుగుతున్నారు.

బరూగలో బెరిల్ వాళ్ల అన్నయ్య డెస్ ఉంటాడు. డెబ్బై ఆరేళ్లు. ఆదివారం బెరిల్, టెగన్ అతని ఇంటికి భోజనానికి వెళ్లారు. కాల్చిన మాంసం కోస్తూ డెస్ సంగతంతా విన్నాడు.

"ఇదొక సమస్యా? నా ఇంటి అడ్రసు రాసుకో పిల్లా. ఇక్కడే ఉంటున్నానని చెప్పు. రెండు వారాల్లో లైసెన్సు చేతిలో ఉంటుంది."

"డెస్!" అంది బెరిల్.

"ఏం డెస్? ఈ ఊళ్లో సగం మంది చేసిందే కదా. నీ కౌంటరు ముందే నిలబడి అబద్ధం చెప్పి ఎంతమంది పోయారో నీకు తెలీదా?"

"తెలుసు. పట్టుకున్నవాళ్ల పేర్లు కూడా తెలుసు."

"చూశావా పిల్లా, పోలీసుల్లో పని చేసి ఉండాల్సింది మా చెల్లెలు." డెస్ కత్తి కింద పెట్టాడు. "వినవే బెరిల్. అరవై ఎనిమిదిలో నాకు ఇరవయ్యేళ్లు. సైన్యంలోకి ఎవరిని లాగాలో తేల్చడానికి పుట్టినతేదీలు రాసిన గోలీలు పీపాలో వేసి తిప్పారు. నాది వచ్చింది. నన్ను యుద్ధానికి పంపాలా వద్దా అనే మాట మీద నాకు ఓటుందా? లేదు. ఓటుకి ఇరవై ఒకటి నిండాలి. వియత్నాంలో దిగాక ఇస్తారట ఓటు! ముందు తుపాకీ, తర్వాత ఓటు. ఇదీ మీ వయసుల లెక్క. అలాంటి లెక్కకి నేనెందుకు మర్యాద ఇవ్వాలి?"

బెరిల్‌కి అమ్మ గుర్తొచ్చింది. ఆ ఏడాది అమ్మ పోస్టు వచ్చే వేళకి గేటు పట్టుకుని నిలబడేది. ఆ గేటు ఆమె కళ్ల ముందుంది. డెస్ తిరిగి వచ్చాడు. ఈ బల్ల దగ్గర కూర్చుని ఎకసెక్కాలాడుతున్నాడు. అది చాలు అనుకుంది, ఎప్పుడూ అనుకునేట్టే. కానీ ఈసారి ఇంకో మాట కూడా మనసులో మెదిలింది. వాడు చెబుతున్నదాంట్లో తప్పేముంది? వంద రోజుల కోసం ఈ పిల్ల బతుకు చేజారిపోవాలా? సరే రాసుకో అని నోటి చివరిదాకా వచ్చింది.

"వద్దు" అంది టెగన్.

అన్నాచెల్లెళ్లిద్దరూ ఆమె వైపు చూశారు.

"నా ఫైల్లో పదకొండు అడ్రసులున్నాయి. ఒక్కటీ నేను రాసింది కాదు. ఒక్కోసారి బడి నుంచి వచ్చేసరికి నా బట్టలు సంచిలో ఉండేవి, అడ్రసు మారిపోయి ఉండేది." టెగన్ బంగాళాదుంప ముక్కని పులుసులో అటూ ఇటూ తిప్పుతోంది. "పద్దెనిమిది నిండితే నేను ప్రభుత్వం పిల్లని కాదు. కాగితం అక్కడితో ఆగిపోతుంది. కానీ లొరెయిన్ చెప్పింది, కాగితం సంగతి ఎలా ఉన్నా ఆ గది నాదేనని. నా లైసెన్సు మీద ఆ ఇల్లే ఉండాలి. అబద్ధానికైనా ఇంకో ఇంటికి మారను."

డెస్ మళ్లీ కత్తి తీసుకున్నాడు. తర్వాత ఆమె పళ్లెంలో ఇంకో మాంసం ముక్క వేశాడు.

మర్నాడు బెరిల్, టెగన్ కార్మెలా దగ్గరికి వెళ్లారు. కార్మెలా ట్రాక్టరు కింది నుంచి బయటికి జరిగి వచ్చి బెరిల్‌ని చూసి కళ్లు చిన్నవి చేసింది.

"నా మొదటి లైసెన్సు ఆపింది నువ్వే కదూ? పుట్టిన పత్రం నకలు తెచ్చానని?"

"అసలుది తెమ్మన్నాను."

"తెచ్చేసరికి కౌంటరు మూసేశావు."

"నాలుగున్నరకి మూస్తారు. బోర్డు మీద రాసుంది."

"ముప్పై ఏళ్లయినా మారలేదీవిడ" అంది కార్మెలా టెగన్‌తో. "చూడమ్మా, నాకు కావలసింది పొలాలకి ఒంటరిగా వెళ్లి పంపు విప్పే మనిషి. ఎల్ బోర్డు పెట్టి, పక్కన ముసలమ్మని కూర్చోబెట్టి పంపనా రైతుల దగ్గరికి?"

"ముసలమ్మంటే నేనేనా?" అంది బెరిల్.

"ఇక్కడ ఇంకెవరైనా ఉన్నారా?"

బెరిల్ రాత్రంతా ఆలోచించి పెట్టుకున్నది చెప్పింది. పక్కన తను కూర్చుంటే టెగన్ నడపడానికి ఏ ఒడ్డునా అడ్డు లేదు. పొద్దున టెగన్ నడుపుకుంటూ వస్తుంది, బెరిల్ కారు తీసుకుని వెనక్కి వెళుతుంది. సాయంత్రం మళ్లీ వస్తుంది. మే దాకా ఆ పిల్లకి వర్క్‌షాపు లోపలి పని ఇస్తే చాలు.

"రోజుకి నాలుగు ట్రిప్పులా? మూడు నెలలా? నీకేం పని లేదా?"

"లేదు" అంది బెరిల్ నిజాయితీగా.

కార్మెలా నవ్వింది. "సరే. ఏడున్నరకి గేటు దగ్గరుండాలి. ఒక్క రోజు ఆలస్యమైనా మాట పోయినట్టే."

ఆ పొద్దుటి ప్రయాణాలు బెరిల్‌కి ఎంత ఇష్టమో ఆమె ఎవరికీ చెప్పలేదు. ఫ్లాస్కులో టీ, కాగితంలో చుట్టిన టోస్టు. పొలాల మీద తెల్ల కాకటూ చిలకల అరుపు. విక్టోరియాలో నూరు మీద పోనిచ్చే టెగన్ బ్రిడ్జి దాటాక తొంభైకి దిగేది, నేర్చుకునేవాళ్లకి అటువైపు అంతే కనక. ఒకసారి టెగన్ లెక్క వేసింది: "అటు పదిహేడుకి బండి ఇస్తారు, కానీ డెబ్బై ఐదు దాటితే ఏటా డాక్టరు చీటీ తెమ్మంటారు. ఇటు పద్దెనిమిది దాకా ఇవ్వరు, ఇచ్చాక ఎంత ముసలైనా అడగరు. నువ్వూ డెస్సూ చిన్నప్పుడు అటు, పెద్దయ్యాక ఇటు ఉండాల్సింది." బెరిల్ టీ ఒలికేటట్టు నవ్వింది. ఎన్నేళ్లయిందో అలా నవ్వి. భర్త పోయాక ఆమె పొద్దున్నే లేవడానికి కారణమంటూ లేకపోయింది. ఇప్పుడు అలారం కన్నా ముందే మెలకువ వస్తోంది.

ఏప్రిల్లో ఆమెకి జ్వరం పట్టుకుంది. లేవబోతే గది తిరిగింది. ఆరున్నరయింది. టెగన్ లొరెయిన్ ఇంటి గేటు దగ్గర నిలబడి ఉంటుంది. బెరిల్ ఫోను తీసి డెస్‌కి చేసింది. మాట గొంతులో గీరుకుపోయింది.

"పడుకో" అన్నాడు డెస్. "వస్తున్నా."

పన్నెండు రోజులు డెస్ ఎడమ సీట్లో కూర్చున్నాడు. ఆ సంగతులు టెగన్ సాయంత్రాలు వచ్చి బెరిల్ మంచం పక్కన కూర్చుని చెప్పేది. "వెనక ధాన్యం లారీవాడు హారన్ కొడుతున్నాడు, తొక్కు అంటాడు డెస్. తొంభై దాటకూడదంటే, ఎవరు చూస్తారంటాడు. బెరిల్‌కి వాసన వస్తుందన్నా. నిజమేనని ఊరుకున్నాడు." ఒక్క రోజూ ఆలస్యం కాలేదు. పన్నెండో రోజున డెస్ తన పాత యూట్, అదే వెనక తొట్టి ఉన్న బండి, తాళాలు తెచ్చి బెరిల్ బల్ల మీద పెట్టాడు.

"వచ్చే ఏడు డాక్టరు ఎలాగూ ఆపేస్తాడు. ఈలోగా నేనే ఎవరికివ్వాలో చూసుకుంటా. దాని గేరు కొంచెం మొండి. ఆ పిల్లకి సరిపోతుంది."

"నువ్వు ఆ పిల్లని మెచ్చుకుంటున్నావా?"

"గేరుని మెచ్చుకుంటున్నా."

మే ఇరవై ఒకటిన టెస్టు. బెరిల్ తన పాత కౌంటరు ఎదురుగా, జనం కూర్చునే ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది. ముప్పై ఒక్క ఏళ్లలో ఆ కుర్చీ ఇంత ఇరుకని ఆమెకి తెలియదు.  తను వెనక్కి పంపినవాళ్లందరూ ఇక్కడే కదా కూర్చున్నది అనుకుంది. ఆ పదకొండు రోజుల అమ్మాయి కూడా. ఆమెకి ఇప్పుడు యాభై వస్తుంటాయి. ఎక్కడుందో.

తలుపు తెరుచుకుంది. టెగన్ ముఖం చూడగానే అర్థమైపోయింది. కానీ ఆ పిల్ల మాట్లాడకుండా నేరుగా వచ్చి, బెరిల్ మెడ చుట్టూ చేతులు వేసి వదలకుండా నిలబడింది. పెంపుడు ఇళ్లలో పెరిగిన పిల్లలు తమంతట తాము ఎవరినీ కావలించుకోరని బెరిల్‌కి తెలుసు. ఊపిరి కూడా జాగ్రత్తగా పీల్చింది.

"నువ్వు లేకపోతే..." అని మొదలుపెట్టి టెగన్ ఆపేసింది.

"వెళ్లు. కార్మెలా అవతల పొలంలో పంపు విప్పుకుని కూర్చుని ఉంటుంది."

"నిన్ను ఇంటి దగ్గర దింపుతా."

"నడుస్తాను. నాలుగు వీధులే."

యూట్ మొదటి గేరుకి ఒకసారి మొరాయించి కదిలింది. బెరిల్ మూల మీద నిలబడి చూసింది. టెగన్ సిగ్నలు వేసింది, రెండు వైపులా చూసింది, బ్రిడ్జి వైపు తిరిగింది. ఎడమ సీటు ఖాళీ. ఆ ఖాళీ చూస్తే దిగులనిపిస్తుందేమోనని బెరిల్ కొన్నాళ్లుగా భయపడుతూనే ఉంది. దిగులు రాలేదు. "థాంక్యూ" అంది పైకే, వీధిలో ఎవరూ లేకపోయినా. ఎవరికి చెప్పిందో ఆమెకే సరిగా తెలియదు. తర్వాత పర్సు చంకన పెట్టుకుని ఇంటి వైపు నడిచింది. సాయంత్రం కొత్త పిల్లవాడెవరో రాబోతున్నాడు. పదహారేళ్లట. స్టీరింగు ఎప్పుడూ ముట్టుకోలేదట.