నాయన తిన్న ఎర్రగడ్డ

హిందూపురం కాలేజీలో కెమిస్ట్రీ చెబుతూ పరిశోధన చేసుకుంటున్న రోజుల్లో నాకు మా నాయన మూత్రం అవసరమైంది. ఆ మాట ఆయన ముందు ఎలా ఎత్తాలో తెలియక చాలా తిప్పలు పడ్డాను.

నా పని యూరోపియంతో. రేర్ ఎర్త్ అని పిలిచే లోహాల్లో అదొకటి. దాంతో నేను తయారుచేసిన పొడిని నీళ్లలో కలిపి యూవీ దీపం కింద పెడితే దానిమ్మగింజలా ఎర్రగా వెలుగుతుంది. ఎర్రగడ్డలో, అంటే ఉల్లిపాయలో ఉండే క్వెర్సెటిన్ అనే పదార్థం తగిలితే ఆ వెలుగు మందగిస్తుంది. మనిషి తిన్న ఎర్రగడ్డ జాడను మూత్రంలో ఈ పొడితో పట్టుకోవచ్చా అన్నదే నా ప్రశ్న. అనుమతులు వచ్చాయి. ఇక కావలసింది, కొన్నాళ్లు ఎర్రగడ్డ మానేసి ఒక శాంపిల్, తిన్నాక ఇంకో శాంపిల్ ఇచ్చే ఆరోగ్యవంతులు.

నాయనది పెనుకొండ దగ్గర మల్బరీ తోట. పట్టుగూళ్లు అమ్మడానికి హిందూపురం మార్కెట్‌కు వస్తూ ఉంటాడు. ఎర్రగడ్డ కొరక్కుండా ఆయనకు సంగటి ముద్ద దిగదు.

"టీ కూడా మానల్లా?" అన్నాడు అంతా విని.

"అవును నాయనా. ఆకుకూరలు కూడా. ఎర్రగడ్డలో ఉండేదే వాటిల్లోనూ ఉంటుంది."

"సరేలే. నీ చదువు కోసం గదా."

చెప్పిన రోజున శాంపిల్ తెచ్చిచ్చాడు. నేనూ నియమం పాటించాను కాబట్టి ముందు నాది పరీక్షించాను. చక్కగా ఎర్రగా వెలిగింది. నాయనది మాత్రం మసకబారింది. మళ్లీ చేశాను. మళ్లీ అంతే. మా గైడ్‌కు ఫోన్ చేస్తే, మూత్రంలో ఇంకేదో పదార్థం అడ్డుపడుతున్నట్టుంది, పొడిని మొదటినుంచి మార్చాల్సి రావచ్చు అన్నారు. స్టూలు మీద కూలబడి, ఎందుకైనా మంచిదని నాయనకు ఫోన్ చేశాను.

"నాయనా, ఎర్రగడ్డ ఏమైనా తిన్నావా?"

"తినల్యామ్మా."

"కూరలో? దోసెలో?"

"దోసె మొగమే చూడల్యా." తర్వాత గొంతు తగ్గించాడు. "మొన్న ధర్మవరం పోయింటి. పట్టుకు రంగులేసే మా స్నేహితుడు లేడా, ఆయప్ప కూతురి నిఖా. బిర్యానీలోకి పెరుగు పచ్చడి ఏసిరి. దాంట్లో ఉన్నింది. అది కూడా ఎర్రగడ్డ కిందికే వస్తాదా?"

"ఎంత తిన్నావు?"

"ఆయప్ప ఊరికే ఏస్తాండె. నేను వద్దనల్యా. ఏమ్మా, పని చెడిపాయనా?"

నాకు నవ్వు ఆగలేదు. ల్యాబ్‌లో ఒక్కదాన్నే పగలబడి నవ్వాను. ధర్మవరంలో ఆయన ఏం తిన్నాడో నాకు తెలియదు. నా పొడికి తెలిసిపోయింది.

"చెడిపోలేదు నాయనా, బాగుపడింది," అన్నాను.

నియమం తప్పింది కాబట్టి ఆ శాంపిల్‌ను పక్కన పెట్టేయక తప్పలేదు. నాయన పట్టుదలగా మళ్లీ మొదలుపెట్టాడు. ఈసారి ఆయన మొదటి శాంపిల్ నా దానికన్నా బాగా వెలిగింది. ఎర్రగడ్డ తిన్నాక ఇచ్చింది మసకబారింది.

తర్వాతి సంత రోజు ధర్మవరం స్నేహితుణ్ణి వెంటబెట్టుకుని ల్యాబ్‌కు వచ్చాడు. చీకటి పెట్టెలో, ఎర్రగడ్డకు ముందుదీ తర్వాతదీ, రెండు గాజు గొట్టాలు పెట్టి దీపం వేశాను. రంగులతోనే బతికిన ఆ మనిషి వంగి చాలాసేపు చూశాడు.

"ఇట్లాంటి ఎరుపు మా తొట్టిలో యానాడూ రాల్యా," అన్నాడు.

"అది నాదేనప్పా," అన్నాడు నాయన గర్వంగా.

"అట్లయితే నాది కూడా చూడమ్మా."

"ఎర్రగడ్డ మానాలి మామా. టీ కూడా."

"ఈయప్ప మానినప్పుడు నేను మానలేనా?"

మాట నిలబెట్టుకున్నాడు. రెండో రోజే ఆయన భార్య ఫోన్ చేసింది. "ఏం పరిశోధనమ్మా ఇది. కూర వద్దని మీ మామ ఉత్త మజ్జిగన్నం ముందర కూసోని ఉండాడు," అని ఒకటే నవ్వు. వెనక నుంచి ఆయన, ఇంకెన్నాళ్లో కనుక్కోమని అడగడం నాకు వినిపిస్తూనే ఉంది.