తాలూక్‌దారు కుర్చీ

మా ముత్తాత నర్మెట్ట దిక్కున ఏడూళ్ళకు దేశ్‌ముఖ్. మా తాత ఆ ఏడింటిలో కొన్ని పోగొట్టి, మిగిలినవాటిని మునుపటికన్నా ఎక్కువ దర్జాగా ఏలాడు. మా నాయనకు ఏలడానికి ఊరేదీ మిగలలేదు గానీ, కన్నుమూసేదాకా ఇస్త్రీ లేని చొక్కా తొడగలేదు. నేను భూపాలపల్లిలో బొగ్గుగనుల ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరయ్యాను. ఇంత చెప్పుకోకుండా నాకు ఏ ముచ్చటా మొదలుపెట్టడం రాదు. "మామయ్యా, అసలు సంగతికి రా" అంటుంది మా కోడలు. నిన్న ఆమె అటక మీది అట్టపెట్టె దించి, పాత పేపర్లలో చుట్టిన పింగాణీ పళ్ళాలు ఒక్కొక్కటే విప్పి కడుగుతుంటే పక్కన నిలబడి చూశాను. కాపలా కాశానంటే ఇంకా సరిగ్గా ఉంటుంది. అంచున సన్నని నీలిగీత ఉన్న ఆ తెల్లపళ్ళాలు కనబడితే చాలు, మా మేనత్త తడి చేతులు గుర్తుకొస్తాయి.

మా గడిలో, అంటే ఊళ్ళో మా కోటలాంటి ఇంట్లో, పెద్ద టేకుబల్ల ఉండేది. ఇంటివాళ్ళం ఎవరమూ దాని మీద తినలేదు, మా భోజనాలన్నీ కింద పీటల మీదే. నిజాం రోజుల్లో తాలూక్‌దారు, అంటే ఇప్పటి కలెక్టరు వంటివాడు, మా దిక్కు వచ్చినప్పుడు మాత్రమే దాని మీది ముసుగు తీసేవారు. తూర్పు కొసన ఉన్న కుర్చీ ఆయనది. ఆ బల్ల సర్దడం మా మేనత్త పని. లంగా ఓణీల నాటినుంచే ఆ పని ఆమెకు అప్పగించారట. తెల్లగుడ్డ పరిచి, తడి అరచేత్తో ముడతలన్నీ అంచులదాకా తోసేది. చేతులు తుడుచుకునే దస్తీలను తామరమొగ్గల్లా మడిచి గ్లాసుల్లో నిలబెట్టేది. పళ్ళేనికీ బల్ల అంచుకూ మధ్య బొటనవేలు పట్టేంత జాగా వదిలేది. అంతా అయ్యాక ప్రతి కుర్చీ వెనకా మోకాళ్ళు వంచి, కూర్చున్నవాడి కళ్ళు ఏ ఎత్తున ఉంటాయో ఆ ఎత్తునుంచి ఒకసారి చూసుకునేది. "నిలబడి చూస్తే పెట్టినోళ్ళకు మంచిగ కనబడతది. తినెటోనికి మంచిగ కనబడాలె గద" అనేది. ఆ వైభవం నేను కళ్ళారా చూడలేదు. నాకు ఊహ తెలిసేసరికి బల్ల మీద ఉల్లిగడ్డలు ఆరబోసేవారు. కానీ మేనత్త చెప్పగా చెప్పగా, చూసినవాళ్ళకన్నా నాకే ఎక్కువ తెలుసు.

మా అబ్బాయికి ఇక్కడి కరెంటు ప్లాంటులో ఉద్యోగం. తనతో పనిచేసే అమ్మాయిని చేసుకుంటానన్నాడు. ఆ పిల్ల తండ్రి చాలా ఏళ్ళు బాయిలో, అంటే బొగ్గుగనిలో, భూమి లోపల పనిచేసినవాడు. పుట్టిందేమో నర్మెట్ట దిక్కున ఒక లంబాడీ తండాలో. మా ఇంటిపేరు వినగానే ఆయన కూతురితో అన్నమాట మా అబ్బాయి నాకు ఉన్నదున్నట్టు చెప్పాడు. "ఆ గడోళ్ళా? మా బాపు ఆ గేటు ముంగట చెప్పులు చేతుల వట్టుకొని నిలవడ్డడు. గా ఇంట్ల నేను కూసోను." తండ్రి ఒప్పుకోకపోతే పెళ్ళి లేదని పిల్ల, పిల్ల లేకపోతే అసలు పెళ్ళే లేదని మావాడు. చివరికి ఒక్కసారి భోజనానికి రావడానికి ఆయన ఒప్పుకున్నాడు. ఏ సంగతీ తిన్నాక చెప్తానన్నాడు.

హోటల్‌కు పోదామన్నాడు మా అబ్బాయి. ఆ మాట నాకు వినబడనట్టే ఊరుకున్నాను. మా ఇంటికి తెలిసిన పెద్ద మర్యాద ఒకటే ఉంది, అది తాలూక్‌దారుకు జరిగినది. ఈయనకూ అదే జరగాలి. మానుకోటలో అద్దెకుంటున్న మేనత్తకు కబురు పెట్టాను. అప్పటికే ముసలిది, భర్త పోయి ఎన్నో ఏళ్ళయింది. అయినా గడిలోవి మిగిలిన అయిదు పింగాణీ పళ్ళాలను ఒళ్ళో పెట్టుకుని బస్సులో దిగింది. కండక్టరు పైన పెట్టమంటే, "నన్ను పైన వెట్టు, వీటిని గాదు" అన్నదట. టేకుబల్ల అప్పటికి ఏనాడో లేదు కాబట్టి టెంట్‌హౌస్ నుంచి రెండు బల్లలు తెప్పించి కలిపాము. ఒకటి రెండోదానికన్నా పొట్టి. దాని కాళ్ళ కింద అట్టముక్కలు మడిచిపెట్టి, పైన తెల్లగుడ్డ పరిచేసరికి ఎవరికీ తెలియకుండా పోయింది. నేను స్కేలుతో పళ్ళాల దూరం కొలుస్తుంటే వంటింట్లోంచి మా ఆవిడ, "చెంచాలు చూస్తే కడుపు నిండదు, జర ఉల్లిగడ్డలు కొయ్యరాదు" అంది. నేను స్కేలు వదల్లేదు. పెచ్చు ఊడని ఒకే ఒక్క పళ్ళేన్ని మేనత్త తూర్పు కొసన పెట్టింది. బాగా పెచ్చులూడింది నాకు. మధ్యన ఇత్తడిగిన్నెలో బంతిపూలు.

చీకటి పడుతుండగా వాళ్ళు వచ్చారు. ఆయన, భార్య, కూతురు. ఆయన తెల్లచొక్కా నా చొక్కాకన్నా గట్టిగా ఇస్త్రీ అయి ఉంది. నాకు కొంచెం గౌరవం కలిగింది, కొంచెం కడుపు మండింది. గడిలోనైతే అతిథి చేతుల మీద నీళ్ళు పోయడానికి ప్రత్యేకంగా ఒక మనిషి ఉండేవాడు. "ఇప్పుడు నువ్వే పొయ్యాలె బిడ్డా" అని మేనత్త ముందే కొమ్ముచెంబు నా చేతికిచ్చింది. మా వంశంలో నడుములు వంగవని మా తాత గొప్పగా చెప్పేవాడట. నా విషయంలో మాత్రం డాక్టరు దానికి వేరే పేరు చెప్పి, బెల్టు కూడా రాసిచ్చాడు. ఆ నడుము వంచి నీళ్ళు పోస్తుంటే ఆయన నీళ్ళను చూడలేదు, నన్నే చూశాడు. "నొప్పున్నట్టుంది సార్. చెంబు ఇటియ్యరాదు" అన్నాడు. ఇవ్వలేదు.

తూర్పు కుర్చీ చూపించి కూర్చోమన్నాను. ఆయన కుర్చీ వీపు మీద చెయ్యి వేసి అలాగే నిలబడ్డాడు.

"ఇదెవరి కుర్చి?"

"మా తాతల నాడు తూర్పు కొసన తాలూక్‌దారు కూర్చునేవారు. ఇవాళ మీది" అన్నాను. ఆ మాటకు సంతోషిస్తాడనే అనుకున్నాను.

"మా బాపు గేటు బయట నిలవడ్డప్పుడు లోపట తిన్నది గాయననేనా?"

మా అబ్బాయి గోడ వైపు తిరిగాడు. పిల్ల ముఖం పాలిపోయింది. వాళ్ళమ్మ భర్తతో తమ భాషలో ఏదో అంది. పోదాం పద అనే ఉంటుందని అనుకున్నాను. అప్పుడే మేనత్త వేటమాంసం కూర గిన్నె పట్టుకుని వచ్చింది. "ఏంది, ఇంక నిలవడే ఉన్నరు? బగారన్నం సల్లారుతది."

ఆయన ఆమెను చూశాడు. తర్వాత బల్లంతా ఒకసారి చూశాడు. "అవ్వా, నీ పళ్ళెమేది?"

"నాకెందుకు నాయినా? నేనెన్నడు బల్ల మీద తినలే. పెట్టుడే నా పని. అందరు తిన్నంక పొయ్యి కాడ తింట."

"ఒక్కపారి గూడ కూసోలే?"

"కూసుంటే మా బాపు ఊకుంటడా?" అని నవ్వింది.

ఆయన నవ్వలేదు. ఆ కుర్చీని చప్పుడయ్యేలా వెనక్కి లాగి, "దీంట్ల నువ్వు కూసో అవ్వా. నువ్వు కూసుంటే నీ పక్కన నేను కూసుంట. లేకుంటే ఇద్దరం నిలవడదాం" అన్నాడు.

మేనత్త నా వైపు చూసింది. ఎనభైకి దగ్గరపడిన మనిషి, నన్ను ఎత్తుకుని పెంచిన మనిషి, నా అనుమతి కోసం చూసింది. "కూర్చో అత్తా" అన్నాను. ఆమె చీరకొంగుతో చేతులు తుడుచుకుని, కుర్చీ అంచున మెల్లగా కూర్చుంది. ఎదురుగా చూసింది. అటు చూసింది, ఇటు చూసింది. "అయ్యో, పూలగిన్నె అడ్డమొస్తున్నది గదరా! అవుతలి మనిషి మొకమే కనబడ్తలేదు. వంగి చూసిననాడు కుర్చీలన్ని ఖాళీనే ఉండె. ఇన్నొద్దులు అందరికి గిట్లనే పెట్టిన్నా?" అంది.

ఆయన అప్పుడు నవ్వాడు. గిన్నెను తనే తీసి కిటికీలో పెట్టి, ఆమె పక్కన కూర్చున్నాడు.

ఆ తర్వాత నా స్కేలు కొలతలన్నీ చెల్లాచెదురయ్యాయి. మేనత్త కూర్చున్నాక మా ఆవిడ ఒక్కతే వంటింట్లో ఎందుకుండాలని పిల్ల వెళ్ళి ఆమెను పిలుచుకొచ్చింది. పింగాణీ పళ్ళాలు అతిథులకూ, మేనత్తకూ, మా ఆవిడకూ సరిపోయాయి. నాకూ మా అబ్బాయికీ స్టీలు పళ్ళాలు వచ్చాయి. తామరమొగ్గల దస్తీలు ఎవరూ విప్పలేదు. పచ్చిపులుసు తెల్లగుడ్డ మీద ఒలికితే మేనత్త దాని మీద నీళ్ళగ్లాసు పెట్టి కప్పేసి, చిన్నపిల్లలా నా వైపు చూసింది. పెళ్ళి మాట ఎవరూ ఎత్తలేదు. నేను అడగడానికి ధైర్యం చాలక అన్నం కెలుకుతున్నాను. అప్పుడు ఆయన నా వైపు తిరిగాడు.

"బావా, గా కూరగిన్నె జర ఇటు జరుపు."

చుట్టం కాని మనిషిని, వియ్యంకుడయితే తప్ప, ఎవరూ అలా పిలవరు. గిన్నె జరిపాను. నడుము నొప్పి గుర్తులేదు. తమ భాషలో ఆ రోజు ఏమందో తర్వాత ఎన్నాళ్ళకో వియ్యపురాలిని అడిగాను. కూర వాసన మంచిగా వస్తున్నది, తొందరగా తేల్చి కూసో అన్నదట.

ఆ తర్వాత మేనత్త ఉన్నన్నాళ్ళు, మా ఇంటికి ఎప్పుడొచ్చినా తూర్పు కొసనే కూర్చునేది. వియ్యంకుడు ఆమె పక్కన. ఆమె పోయాక ఆ కుర్చీ ఆయనదయింది, నేను చెప్పకుండానే, ఆయన అడగకుండానే. ఈ రాత్రి భోజనానికి వస్తున్నాడు. అందుకే నిన్న పళ్ళాలు దిగాయి. కోడలు తెల్లగుడ్డ తడి చేత్తో తోస్తున్నది. పూలగిన్నె కిటికీలో ఉంది. కాలం మా ఇంటినుంచి పట్టుకుపోయినవన్నీ మా నాయన వరసగా చెప్పేవాడు. అది తెచ్చిపెట్టినవి చూడ్డానికి నాకు ఆయనకన్నా ఎక్కువ వయసు కావలసి వచ్చింది.

టేకుబల్లను నేను బడిలో ఉన్నప్పుడే మా నాయన జనగామలో ఒక కట్టెకోత మిల్లుకు అమ్మాడు. వాళ్ళు దాన్ని కోసి దర్వాజలు చేశారు.