మిస్ ఓడెట్టా ఖాళీ స్థలంలో కూర్చున్న వేసవి

స్కూలు బస్సు డ్రైవరుగా రిటైరయ్యాక ఓడెట్టా ప్రూయిట్, పశ్చిమ ఫిలడెల్ఫియాలో మా వీధికి కాపురం వచ్చింది. బొద్దుగా ఉండేది, గొంతు మాత్రం వీధి చివరిదాకా వినిపించేది. వచ్చిన వారంలోనే నన్ను నిలదీసింది.

"ఏంటమ్మా, ఈ వీధిలో మనుషులే లేరా? అందరూ తలుపుల వెనకేనా కాపురం?"

నిజమే. ప్రతి ఇంటి ముందూ మెట్లున్నా వాటి మీద ఎవరూ కూర్చునేవాళ్ళు కాదు. మధ్యలో రెండిళ్ళు కూల్చేసిన చోట మనిషెత్తు కలుపు మొక్కలు, పాత టైర్లు. ఆ పొదల వెనక ఎవరున్నారోనని భయం. బడి వదిలే వేళకు అందరం కర్టెన్లు లాగేసేవాళ్ళం. వీధిలో నడిచే పిల్లలు ఎవరి పిల్లలో కూడా తెలిసేది కాదు.

ఆ మే నెలలో బడి వ్యాయామశాల కప్పు కారుతోందని తాళం వేశారు. డ్రమ్ముల దరువుకు అడుగులేసే కవాతు జట్టు ఆడపిల్లలు సాధనకు చోటు దొరక్క, డ్రమ్ములు మోసుకుని ఆ ఖాళీ స్థలం అంచుకు చేరారు. వాళ్ళ నాయకురాలు జలీసా. మొదటి దరువుకే ఎదురింటి లూషియస్ బ్రాడ్‌నాక్స్ కిటికీ తెరిచాడు.

"ఏయ్! మీకు ఇళ్ళు లేవా? పోలీసులకి ఫోన్ చెయ్యమంటారా?"

"చేసుకోండి," అంది జలీసా. కానీ ఎవరూ మళ్ళీ దరువు వెయ్యలేదు.

ఓడెట్టా వంటింటి కుర్చీ ఈడ్చుకుంటూ వచ్చి, టైర్ల పక్కన వేసుకుని కూర్చుంది.

"పెద్దవాళ్ళెవరూ లేకుండా గోల చేస్తున్నారనేగా నీ బాధ, బ్రాడ్‌నాక్స్? ఇదిగో, నేనున్నా. కొట్టండమ్మా!"

"నీకు పిచ్చెక్కింది, ఓడెట్టా!"

"అన్నేళ్ళు బస్సునిండా పిల్లల్ని తిప్పాను. ఎప్పుడో ఎక్కింది. నువ్వు ఇప్పుడు చూస్తున్నావంతే."

పిల్లలు పకపకా నవ్వారు. సాధన అయ్యాక జలీసా మెల్లగా అడిగింది, "మిస్ ఓడెట్టా, రేపు కూడా వస్తారా?"

"వస్తా. కానీ ఆ చివరి పిల్ల దరువు తప్పితే నేను నోరు మూసుకుని కూర్చోను."

ఆ పిల్లల కోసం ఎందుకింత తాపత్రయమని అడిగితే ఆమె నాతో అంది, "బస్సు తోలుతూ చూశాను తల్లీ. శుభ్రంగా ఉన్న వీధుల్లో పిల్లల పక్కన ఎవరో ఒక పెద్దావిడ కబుర్లాడుతూ నిలబడేది. పాడుబడ్డ ఇళ్ళున్న చోట పిల్లలు ఒంటరిగా నిలబడేవాళ్ళు. రెండుచోట్లా మనుషులు ఒకటే. ఒకచోట బయటికి రాబుద్ధవుతుంది, ఇంకోచోట కాదు."

అందుకని ముందు కలుపు పని పట్టింది. గడ్డికోసే యంత్రం ఇవ్వనని బ్రాడ్‌నాక్స్ ముఖం మీదే చెప్పేశాడు. చర్చి నుంచి పాతది తెచ్చింది. పిల్లలు తాడు ఎంత లాగినా అది దగ్గుతుందే తప్ప కదలదు. కిటికీలోంచి చూస్తున్న బ్రాడ్‌నాక్స్ ఇక తట్టుకోలేకపోయాడు.

"అలా లాగితే తెగి కూర్చుంటుంది! జరగండి, జరగండి!"

ఇంట్లో వేసుకునే చెప్పులతోనే వచ్చి, మొత్తం కోసేదాకా లోపలికి పోలేదు. నీళ్ళిచ్చిన పిల్లని "నీ పేరేంటి?" అని కూడా అడిగాడు.

తర్వాత మేమంతా వంతులవారీగా నగరపాలక కార్యాలయానికి ఫోన్లు చేస్తే, విసిగిపోయి టైర్లు తీసుకెళ్ళారు. పొదలు పోయి చోటు తెరిపిన పడేసరికి, మా కిటికీల్లోంచి చూస్తే పిల్లల ముఖాలు కనిపించసాగాయి. ఒకరొకరుగా మెట్ల మీదికి వచ్చాం. నిమ్మరసం కలిపేవాళ్ళు ఒకరు, చిరిగిన యూనిఫాం కుట్టేవాళ్ళు ఒకరు. జలీసాకి నర్సు చదువు మీద ఆశ ఉందని నాకప్పుడే తెలిసింది. నేను ఆసుపత్రిలో నర్సునే, మా ఇళ్ళ మధ్య దూరం నాలుగు గుమ్మాలే. ఆ పిల్లని మా వార్డుకు తీసుకెళ్ళి అన్నీ చూపించాను.

ఆగస్టు ఊరేగింపు పోటీలో జట్టుకు మూడో బహుమతి వచ్చింది.

"మూడోదా? వాళ్ళకి చెవులున్నాయా అసలు?" అంటూ బ్రాడ్‌నాక్స్ న్యాయనిర్ణేతల మీదికి పోతుంటే, ఓడెట్టా అతని చొక్కా పట్టుకుని వెనక్కి లాగింది.

మరుసటి ఏడాది జలీసాకి నర్సింగు కాలేజీలో సీటు వచ్చింది. మొదటిరోజు ఎవరు దింపాలన్నదాని మీద వీధంతా వాదన. చివరికి వాళ్ళమ్మతో పాటు ఓడెట్టా, బ్రాడ్‌నాక్స్, నేను, ముగ్గురం ఒకే కారులో ఇరుక్కుని బయల్దేరాం. గేటు దగ్గర కాపలావాడు కారులోకి తొంగిచూశాడు.

"వీళ్ళంతా ఎవరమ్మా?"

"మా అమ్మ. మిగతావాళ్ళు మా వీధివాళ్ళు."

"నీతోపాటు ఒక్కరినే లోపలికి పంపుతాను."

అతను ఆ మాట అనేసరికే ఓడెట్టా కారు దిగి, కాలేజీ మెట్లెక్కి, ఎవరినో దారి అడుగుతోంది.