ఎడంపక్క కుర్చీ

ఇస్సాకు గారు రోజూ సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, గచ్చు మీద కుర్చీ వేసుకుని, ముందుగా చేసే పని మనుషుల్ని సర్దడం. ఇంట్లో మనం బల్లలూ పెట్టెలూ సర్దుకున్నట్టే ఆయన మనుషుల్ని సర్దుతారు. నలుగురు వస్తే నలుగుర్నీ లేపి, కుర్చీలతో సహా తన కుడిపక్కకి చేర్చుకుని, అప్పుడు తీరిగ్గా "ఆఁ, ఇప్పుడు చెప్పండి" అంటారు. అప్పటికి వచ్చినవాళ్ళు వచ్చిన పని మర్చిపోయి ఉంటారు.

బస్సులో ఎడంపక్క కిటికీ దొరక్కపోతే దిగి ఇంకో బస్సు ఎక్కుతారు. పెళ్ళి భోజనాల్లో ఎడం చివరి విస్తరి ఆయనది. ఎవరైనా ముందే కూర్చుంటే, వాళ్ళని బతిమాలి లేపి, వాళ్ళ పప్పూ వాళ్ళ నెయ్యీ కూడా పక్క విస్తట్లోకి మార్పించిన సందర్భాలున్నాయి. చిన్నప్పుడు గవదబిళ్ళలు వచ్చి ఎడం చెవి పూర్తిగా పోయింది. "పోవడమంటే మామూలుగా పోవడం కాదమ్మాయ్. లైను డెడ్" అని ఆయన కాస్త గర్వంగానే చెబుతారు.

ఆ మాట ఆయనకి ఊరికే రాలేదు. ఆయన టెలిఫోన్స్‌లో లైన్ ఇన్‌స్పెక్టరు. మాదాపూర్‌లో కొత్తగా లేచిన గుండ్రటి మేడకి కేబుళ్ళు వెయ్యడానికి తవ్వుతున్న గోతుల్లో సగం గోతుల పక్కన గొడుగేసుకుని నిలబడేది ఆయనే. ఫోను కుడిచెవికి ఆనించారంటే ఇక ఆయనకి లోకంతో సంబంధం లేదు. ఆ సమయంలో ఎదురుగా ఇల్లు తగలబడినా, ఫోను పెట్టేశాక పొగేమిటని అడుగుతారు.

ఒక చెవే ఉన్నవాళ్ళకి చప్పుడు ఏ దిక్కునుంచి వస్తోందో తెలియదట. ఎటునుంచి పిలిచినా ఆయన కుడికే తిరుగుతారు. అక్కడ ఎవరూ లేకపోతే తిరుగుడు ఆపకుండా చుట్టూ తిరిగి, పిలిచినవాళ్ళ దగ్గరికి వచ్చి ఆగుతారు. ప్రతి ఆదివారం బైబిలు చేతపట్టుకుని చర్చికి వెళ్ళే మనిషి, రోజుకి ఇన్ని ఆత్మప్రదక్షిణలు చేయడం చందానగర్‌లో ఇంకెక్కడా కనపడదు.

ఈ సర్దుడు నుంచి ఒక్కరికే మినహాయింపు. ఆయన భార్య రెబెక్కా ఆంటీ. ఆవిడ కుర్చీ మాత్రం ఎడంపక్క. ఎవరు జరపబోయినా ఆయన ఊరుకోరు.

మావీ వాళ్ళవీ ఒకే ఇంట్లో వాటాలు. వాళ్ళు కింద, మేము పైన. ఓనరు బాలనర్సయ్య గారు వెనక ఇంట్లో ఉంటారు. ఆయనకి రోజూ ఒకసారి వచ్చి ఇస్సాకు గారిని గిల్లి వెళ్ళకపోతే అన్నం అరగదు.

"ఏంది సారూ, ఊరందరిని కుడికి పిలుస్తవు. అమ్మను మాత్రం చెవిటి దిక్కు కూసోబెడ్తవు. గంత భయమా?"

"భయం కాదండి బాలనర్సయ్య గారూ. సంసారం సాఫీగా సాగాలంటే ఒక చెవి మూసుకోవాలంటారు. నాకు దేవుడే మూసి పంపాడు."

"నీది నసీబు సారూ. నాకు రెండు చెవులున్నయి, ఏం ఫాయిదా?"

అందరూ నవ్వేవాళ్ళు. రెబెక్కా ఆంటీ తలెత్తకుండా చిక్కుడుకాయలు ఒలుస్తూ ఉండేవారు. నాకు మాత్రం ఆ హాస్యం అంత నచ్చేది కాదు. కట్టుకున్న భార్యని వినపడని వైపు కూర్చోబెట్టి, కుడిచెవికి ట్రాన్సిస్టరు ఆనించుకుని రైతుల కార్యక్రమం వినే మనిషిని చూస్తే నాకు ఒళ్ళు మండేది. సెంటు భూమి లేదు. కందిపంటకి పట్టిన పురుగు గురించి ఆయనకెందుకు?

ఏడాది కిందట వాళ్ళ ఒక్కగానొక్క కూతురు స్టెల్లా పోయింది. నర్సు ట్రైనింగు చివరి ఏడాదిలో, హాస్టల్లో కామెర్లు వచ్చి, ఇంటికి తెచ్చేలోపే ముదిరిపోయాయి. సమాధి దగ్గర రెబెక్కా ఆంటీ ఒక్కసారి గట్టిగా ఏడవబోతే, చర్చి పెద్దావిడ ఒకరు భుజం పట్టుకుని, "నమ్మినవాళ్ళం మనం ఇలా ఏడిస్తే ఎలాగమ్మా, బిడ్డ ప్రభువు దగ్గరికి వెళ్ళింది కదా" అన్నారు. మంచి ఉద్దేశంతోనే అన్నారు. ఆ తర్వాత స్త్రీల కూడికలోనూ అదే మాట. ఆంటీ ఆ మాటకి కట్టుబడిపోయారు. ఎవరూ ఆవిడ కళ్ళు తడవడం చూడలేదు. స్టెల్లా పేరెత్తితే లేచి వంటింట్లోకి వెళ్ళిపోయేవారు. ఆవిడ విశ్వాసాన్ని అందరూ మెచ్చుకున్నారు.

ఇలా ఉండగా ఇస్సాకు గారు లారీ కింద పడబోయారు.

బొంబాయి రోడ్డు దాటుతూ సగం దాటాక హారను వినిపించింది. అలవాటు ప్రకారం అది కుడినుంచి అనుకుని ఎడంపక్కకి దూకారు. లారీ వస్తున్నదే ఎడంనుంచి. డ్రైవరు ఎలా ఆపాడో ఆ దేవుడికే తెలియాలి. చేతిలోని క్యారియరు చక్రం కిందికి పోయి అప్పడమైంది. ఆయన లేచి, లారీ చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, డ్రైవరుకి నమస్కారం పెట్టి ఇంటికి వచ్చారు.

మర్నాడు ఆయన ఆఫీసరు కామేశ్వరరావు గారు ఒకే మాట చెప్పారు. "చెవికి మిషను పెట్టుకుంటే రోడ్డు. లేకపోతే కుర్చీ."

కుర్చీలో కూర్చుని కాగితాలు చూడమంటే ఇస్సాకు గారికి జైలే. రెబెక్కా ఆంటీ కూడా మొదటిసారి గట్టిగా మాట్లాడారు. "కొనుక్కోండి. ఇంకొకళ్ళని సాగనంపే ఓపిక నాకు లేదు."

డాక్టరు చెప్పిందేమిటంటే, పోయిన చెవిలో ఎంత గట్టిగా అరిచే మిషను పెట్టినా లాభం లేదు. ఎడంపక్క మాటని పట్టుకుని కుడిచెవికి చేరవేసే రకం కావాలి. కూకట్‌పల్లిలో ఒక షాపులో దొరుకుతాయన్నారు. పరీక్ష చేయడానికి ఎడంపక్క కూర్చుని మాట్లాడే మనిషి ఒకరు కావాలి. ఇస్సాకు గారు నన్ను తీసుకెళ్ళారు.

"నేనెందుకు అంకుల్?"

"రసజ్ఞమ్మా, నువ్వు మాట్లాడితే నా రెండు చెవులకీ ఒకేలా ఉంటుంది. నీ మాట వినిపించిన మిషనుకి ప్రపంచంలో వినపడనిది ఉండదు."

షాపులో ఆదర్శ్ అనే కుర్రాడు టై కట్టుకుని ఉన్నాడు. ఒక పేపరు నా చేతికిచ్చి చదవమన్నాడు. చదివాను.

"మేడమ్, స్టార్ట్ చెయ్యండి."

"అయిపోయింది" అన్నాను.

మొదట కళ్ళజోడు రకం చూపించాడు. మైకు, తీగె అంతా ఫ్రేములోనే ఉంటుంది. నేను చదివిన పెట్రోలు ధరలు ఇస్సాకు గారు తు.చ. తప్పకుండా అప్పజెప్పారు. "బ్రహ్మాండంగా ఉంది. వద్దు" అన్నారు.

"ఎందుకు సర్?"

"నా కళ్ళు బాగున్నాయి. ఉన్న రోగం దాచుకోడానికి లేని రోగం పెట్టుకోనా?"

మళ్ళీ శనివారం ఇంకోటి. చెవుల వెనక దాక్కునే రెండు చిన్న ముక్కలు, మధ్యలో తీగె కూడా లేదు. ఆదర్శ్ దాన్ని అరచేతిలో పెట్టుకుని పసిబిడ్డని చూపించినట్టు చూపించాడు. "ఇంపోర్టెడ్ సర్. లేటెస్ట్. మీరు పెట్టుకున్నట్టు ఎవ్వరికీ తెలీదు."

ఇస్సాకు గారు పెట్టుకున్నారు. బాగా వినిపించింది. తీసేశారు.

"తీగె లేకుండా మాట వెళ్తుందా బాబూ? మా డిపార్ట్‌మెంటు వింటే బాధపడుతుంది."

వెనక్కి వస్తూ బస్సులో ఎడంపక్క కిటికీ కోసం రెండు బస్సులు వదిలేశాం. నాకు విసుగొచ్చింది. ఉద్యోగం పోయేలా ఉంటే ఈయనకి ఈ వేళాకోళమేమిటి? ఇంటి దగ్గర బాలనర్సయ్య గారు ఎదురయ్యారు. "ఇయ్యాల గూడ ఖాళీ చేతులేనా? పిల్లకు సంబంధం చూస్తున్నవా, చెవికి మిషను చూస్తున్నవా సారూ?"

ఆ వారంలోనే ఒక సాయంత్రం మా అమ్మ గోంగూర పచ్చడి ఇచ్చి రమ్మంది. ముందు గేటు దగ్గర నీళ్ళ ట్యాంకరు అడ్డంగా ఉండటంతో వెనకనుంచి, సంపు పక్కగా వెళ్ళాను. ఇద్దరూ నాకు వీపు పెట్టి కూర్చున్నారు. ట్రాన్సిస్టరులో మిరప నారు గురించి ఎవరో గట్టిగా చెబుతున్నారు. దాని కింద, సన్నగా, రెబెక్కా ఆంటీ గొంతు.

"ఇవాళ అన్నీ ముదురు కాయలే వచ్చాయే స్టెల్లా. నువ్వుంటే గింజలన్నీ పచ్చివే తినేసేదానివి. నీ తెల్ల కోటు ఉతికి పెట్టాను. ఎవరికైనా ఇచ్చెయ్యమంటున్నారు. ఎలా ఇస్తానే? కాలరు దగ్గర ఇంకా నీ పౌడరు వాసన..."

నేను అక్కడే ఆగిపోయాను. ఆవిడ ముక్కు చీది, కొంగుతో తుడుచుకుని, మళ్ళీ ఒలవడం మొదలుపెట్టారు.

"మీ నాన్నగారు మిషను కొంటున్నారే. కొనాలి, తప్పదు. ఇక మనకి ఇలా కుదరదు. లోపల ఒక్కదాన్నే కూర్చుని చూశాను, మాట రావట్లేదు. ఎవరో ఒకరు పక్కనుండాలి. విననివాళ్ళు ఉండాలి. అలాంటివాళ్ళు ఇంకెక్కడ దొరుకుతారే?"

ఇస్సాకు గారు ట్రాన్సిస్టరుని కుడిచెవికి ఇంకా దగ్గరగా అదుముకుని, చక్రం తిప్పి చప్పుడు పెంచారు. మిరప నారు ఎర్రమన్నులో వేయాలట.

పచ్చడి వెనక్కి తీసుకుపోయి, వాళ్ళు ఇంట్లో లేరని చెప్పాను.

మూడో శనివారం షాపులో నేను బాగానే చదివాను. ఇస్సాకు గారు అప్పటికి అద్దాల బీరువాలో అట్టడుగు అర దగ్గర గొంతుక్కూర్చుని ఉన్నారు.

"అదేంటి బాబూ?"

"అది ఓల్డ్ మోడల్ సర్. ఎవరూ తీసుకోరు."

రెండు చెవుల వెనకా చిక్కుడుకాయంత దిమ్మెలు, మెడ వెనకనుంచి కలుపుతూ నల్లటి తీగె. పక్కన మీట. పెట్టుకుంటే మనిషి వెనకనుంచి చూసినా, వీధి చివరనుంచి చూసినా మిషను కనపడుతుంది.

"దీన్ని తీసి పక్కన పెడితే, తీసేశానని దూరంనుంచి చూసినవాళ్ళకి తెలుస్తుందా?"

ఆదర్శ్ అయోమయంగా చూశాడు. "సర్, అందరూ పెట్టుకున్నట్టు తెలియకూడదంటారు."

"వాళ్ళ సంగతి వాళ్ళది. నేను పెట్టుకోనప్పుడు, పెట్టుకోలేదని తెలియాలి. అనుమానం ఉండకూడదు."

"తెలుస్తుంది సర్. గుడ్డివాళ్ళకి కూడా తెలుస్తుంది."

"కట్టెయ్యి."

బయటికి వచ్చాక, అలవాటుగా ఆయన కుడిపక్కకి చేరాను. కూకట్‌పల్లి రోడ్డు మీద బస్సుల హోరు. చివరికి అడిగాను.

"అంకుల్, సాయంత్రాలు ఆంటీ మీ పక్కన కూర్చుని ఏం మాట్లాడతారో మీకు తెలుసా?"

ఆయన నావైపు తిరిగారు. ఈసారి సరైన వైపే.

"నాకెలా తెలుస్తుందమ్మాయ్? చెవిటివాణ్ణి కదా" అన్నారు.

ఆయన మొహంలో నవ్వులాంటిది ఉంది. బస్టాపు దాకా కందిపంటకి పురుగు పడితే ఏం చల్లాలో వివరంగా చెప్పారు. ఏడాదిగా వింటున్నారు, పాపం, బాగానే వచ్చింది.

ఆ సాయంత్రం మేడమీంచి చూశాను. ఇస్సాకు గారు మిషను పెట్టుకుని వీధంతా ఒకసారి తిరిగి వచ్చారు. బాలనర్సయ్య గారు ఎడంపక్కనుంచి "సారూ" అని పిలిస్తే ప్రదక్షిణ చెయ్యకుండా టక్కున ఆగి నిలబడ్డారు. దిక్కు తెలియదుగానీ, మిషనులోంచి చప్పుడు వస్తే కదలకుండా ఆగాలని నేర్చుకున్నారు. కామేశ్వరరావు గారికి ఆపాటి చాలు.

తర్వాత గచ్చు మీదికి వచ్చారు. రెబెక్కా ఆంటీ చిక్కుడుకాయల చేట పట్టుకుని, కూర్చోవాలో వద్దో తెలియనట్టు గుమ్మంలో నిలబడ్డారు. ఆయన మీట కట్టేసి, రెండు చెవులనుంచీ మిషను ఊడదీసి, నల్ల తీగెతో సహా అందరికీ కనపడేలా పైకెత్తి, ఆవిడ కుర్చీ ముందున్న స్టూలు మీద పెట్టారు. ట్రాన్సిస్టరు అందుకున్నారు.

ఆవిడ చాలాసేపు ఆ మిషను వంక చూశారు. ఆయన వంక చూశారు. ఆయన రోడ్డు వంక చూస్తున్నారు. అప్పుడావిడ మెల్లగా వచ్చి కూర్చుని, మిషను తీసి కొంగుకి ముడివేసుకుని, కాయలు ఒలవడం మొదలుపెట్టారు. కాసేపటికి పెదవులు కదిలాయి.

మర్నాటినుంచి అదే పద్ధతి. సాయంత్రం కాగానే ఆవిడ చెయ్యి చాస్తారు. ఆయన చెవి అప్పగిస్తారు. బాలనర్సయ్య గారు ఊరుకుంటారా?

"ఏంది సారూ, పైసలు పెట్టి కొన్న చెవి అమ్మ కొంగుల ఉన్నదేంది?"

"విలువైనవి ఇంటి పెద్ద దగ్గరుంటేనే భద్రమండీ."

ఇస్సాకు గారు ఇప్పటికీ చందానగర్‌లో ఆ కింది వాటాలోనే ఉంటున్నారు. రోజూ తొమ్మిదింటికి మాదాపూర్ వెళ్ళి కేబుళ్ళ పని చూసుకుంటున్నారు.