ఇంగ్లండులో నేను, ఎమ్మిగనూరులో నా ఓటు

ఇంగ్లండులో మన దేశం పరువు కాపాడిన ఘనత నాది. ఎలా కాపాడానో వింటే మాత్రం పొలమారుతుంది. టీ గ్లాసు కింద పెట్టి వినండి.

మన మొదటి ఎలక్షన్లప్పుడు నేను లీడ్స్‌లో నేతపని చదువుతున్నాను. నేను అద్దెకుండే ఇంటావిడది రోజూ ఒకటే పాట: "అక్షరం ముక్క రానివాళ్లు ఓటెలా వేస్తారయ్యా?" నాకు ఒళ్లు మండింది. "ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె, దాని మీద బొమ్మ. పైగా వేలికి సిరా పూస్తారు. ఒక మనిషి రెండో ఓటు వేయడం బ్రహ్మతరం కూడా కాదు" అన్నాను. అంతటితో ఊరుకున్నానా? ఊరినుంచి ఉత్తరం రాగానే అందరి ముందూ చదివి వినిపిస్తానని కోతలు కోశాను.

ఓ శనివారం టీ వేళకు ఎమ్మిగనూరు నుంచి ఉత్తరం వచ్చింది. ఇంట్లో వాళ్లంతా చుట్టూ చేరారు. ముందు నేనొకసారి చూసుకోవచ్చు కదా, లేదు. గొప్పకు పోయి, అప్పటికప్పుడు చదివి ఇంగ్లీషులో చెప్పడం మొదలుపెట్టాను.

రాసింది నూలుకు రంగులద్దే మా మామ. "మీ యమ్మ తెల్లారకముందే పోయి లైన్లో నిలబడింది. ఆఫీసరు పేరడిగితే, ఫలానా వాళ్ల యమ్మనని అనకుండా 'ఈరమ్మ' అని గట్టిగా సెప్పింది." ఇంటావిడ కళ్లజోడు తీసి తుడుచుకుంది. గెలిచాం అనుకున్నాను.

తర్వాతి వాక్యం: "నీ ఓటు ఉత్తగా పోతాదని మద్యాన్నం పోయి అది గూడా నేనే ఏసొచ్చినా అల్లుడా. నా సేతులు మోసేతిదాకా నీలమే గదా, పొద్దున పూసిన సిరా యాడుందో ఆఫీసరుకు దొరకల్యా."

ఆ వాక్యాన్ని ఇంగ్లీషులో చెప్పకుండానే ఉత్తరం మడిచేశాను. "ఏమంటున్నాడు మీ మామ?" అంది ఇంటావిడ.

"ఒక్క ఓటు కూడా వృథా కానివ్వలేదట" అన్నాను. అబద్ధం కాదు కదా. అందరూ చప్పట్లు కొట్టారు. మా అమ్మకు తన అభినందనలు రాయమంది ఇంటావిడ.

చదువు ముగించుకుని మా ఊరికి దగ్గరి ఆదోని స్టేషన్‌లో దిగగానే, తీసుకెళ్లడానికి వచ్చిన మామను నిలదీశాను. "దొంగ ఓటేస్తివి, సరే. ఎవరికేసినావో అదైనా సెప్పు మామా."

మామ నాలుక కరుచుకున్నాడు. "తప్పు అల్లుడా. అది ఎవురికీ సెప్పగూడదు. రహస్యమని ఆఫీసరు శానా గట్టిగా సెప్పినాడు."

అందుకే ఆ ఎలక్షన్లో గెలిచిన మన ఎమ్మెల్యే ఎదురైనప్పుడల్లా, నేను గెలిపించిన మనిషో కాదో తెలియక, దండానికి సగమే చెయ్యెత్తుతుంటాను.