ఊగుడు ఆపే పెట్టె

ఇన్నేళ్లయినా ఇంట్లో ఫోన్ మోగితే నాకు భయం. ఎత్తను. మోగి మోగి ఆగేదాకా పక్క గదిలో నిలబడి ఉంటాను. బంధువులు దాన్ని పొగరు అనుకుంటారు. నా భార్య ఏమనుకుంటుందో ఎప్పుడూ అడగలేదు, అడిగే ధైర్యం లేదు. ఒక మనిషి బతుకు చెడగొట్టి, ఆ సంగతి కడుపులో పెట్టుకుని, ఊళ్లో పెద్దమనిషిలా తిరుగుతున్నాను. మీరెవరో నాకు తెలియదు. నా పేరు మీకు తెలియకపోవడమే మంచిది. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

ఎనభైల మొదట్లో నంద్యాల నుంచి ఆళ్లగడ్డ పోయే దారిలో, కాలవ కింది పొలాల మధ్య వరిగడ్డితో కాగితం చేసే మిల్లు ఒకటి ఉండేది. ఇప్పుడు మూతపడింది. మిల్లుకు సొంత జనరేటర్ ఉండేది. మా కరెంటు మేమే చేసుకుని, మిగిలింది బయటి లైనుకు ఇచ్చేవాళ్లం. దానికి ఇంజనీరుని నేను.

జనరేటర్ బయటి లైనుకు కట్టి ఉంటే ఊరికే ఉండదు. ఎక్కడ ఏ చిన్న కుదుపు వచ్చినా ఊగుతుంది. మామూలుగా దానంతట అదే సర్దుకుంటుంది. మా లైను మరీ పొడుగు, మరీ బక్కది, ఒక్కోసారి ఆ ఊగుడు ఆగేది కాదు. అందుకని స్టెబిలైజర్ తెప్పించారు. ఇళ్లల్లో ఫ్రిజ్‌కు పెట్టే స్టెబిలైజర్ కాదండి, వేరే. ఊయల మన మీదికి వచ్చేటప్పుడు చెయ్యి అడ్డం పెడితే మెల్లగా నిలుస్తుంది చూడండి, అది చేసే పనీ అంతే. జనరేటర్ ఎటు ఊగుతుందో కనిపెట్టి, దానికి ఎదురుగా అడ్డం పడుతుంది. మిల్లులో అందరూ దాన్ని ఊగుడు ఆపే పెట్టె అనేవాళ్లు. ఆ పెట్టె గురించి నేర్చుకోవడానికి మిల్లు నుంచి నన్నొక్కడినే పంపారు. నాకు తప్ప ఎవరికీ తెలియదన్న గర్వం అప్పట్లో నడకలో కూడా కనిపించేదట.

గడ్డి దుమ్ము పోని చోటు లేదు ఆ మిల్లులో. అందుకని ఏటా ఎండాకాలం మిల్లు ఆపి, ప్యానెళ్లు విప్పి, వైర్లు ఊడదీసి శుభ్రం చేసేవాళ్లం. ఏ వైరు ఎక్కడిదో గుర్తుకు చీటీలు కట్టేవాళ్లం. ఆ చీటీలు మా మిల్లు కాగితమే. మన కాగితం ఉండగా బయట కొనడమెందుకని నేనే ఆ పద్ధతి పెట్టాను. వరిగడ్డి కాగితం తడి తగిలితే మెత్తబడిపోతుంది. ఆ ఏడాది తడిగుడ్డతో తుడిచేటప్పుడు పెట్టెకు వచ్చే రెండు వైర్ల చీటీలు పీలికలై ఊడిపోయాయి. రెండు వైర్లూ ఒకే రంగు.

ఏది ఎటు? తెలుసుకునే దారి ఉంది. వైరు పట్టుకుని చివరిదాకా వెళ్లి చూసుకోవచ్చు, అరపూట పని. అంతకన్నా తేలికైనది, బిగించాక తప్పకుండా చేయవలసినది, పరీక్ష. లోడ్ తక్కువగా ఉండగా జనరేటర్‌ను కావాలనే కొంచెం కదిపి, మీటరు ముల్లు ఎంతసేపటికి నిలుస్తుందో చూడటం. పెట్టె తీసేసి ఒకసారి, పెట్టె వేసి ఒకసారి. వైర్లు తారుమారైతే అక్కడే తెలిసిపోతుంది. ఎందుకంటే తారుమారైన పెట్టె ఊయలకు అడ్డం పడదు, వెనక నుంచి తోస్తుంది.

నేను పరీక్ష చేయలేదు. గడ్డి బండ్లు గేటు బయట రోడ్డు దాకా నిలిచాయనీ, మబ్బులు పట్టాయనీ, తడిస్తే గడ్డి అంతా కుళ్లిపోతుందనీ, మిల్లు మొదలుపెట్టమని మేనేజరు తొందర చేశాడనీ ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. అన్నీ నిజమే. కానీ అసలు కారణం అవేనా? కాదు. పరీక్ష చేస్తే నలుగురూ చుట్టూ నిలబడి చూస్తారు. ముల్లు నిలవకపోతే, ఈ పెట్టె గురించి అంతా తెలిసినవాడికి దాని రెండు వైర్లే తెలియలేదని బయటపడుతుంది. ఆ భయం. చెప్పుకోవడానికే సిగ్గుగా ఉంది. అంత చిన్న భయం! కళ్లు మూసుకుని ఒక వైరు ఒకవైపు, ఇంకోటి ఇంకోవైపు బిగించి, అంతా సరిగ్గా ఉందని చెప్పేశాను.

రెండు రోజులు ఏమీ కాలేదు. లోడ్ తక్కువ. ముల్లు కదల్లేదు. నా అంచనా కుదిరిందనుకున్నాను.

మూడో రోజు మధ్యాహ్నం క్వార్టర్స్‌లో భోజనానికి కూర్చున్నాను. ఆ పూట కంట్రోల్ రూమ్‌లో మాబాషా డ్యూటీ. ఆళ్లగడ్డ మనిషి. నెమ్మదస్తుడు, చెప్పిన పని చెప్పినట్టు చేసేవాడు, నేనంటే గురి. లోడ్ పెంచమని చెప్పి నేనే ఇంటికి వచ్చాను. నా భార్య మజ్జిగ పోస్తోంది. ఫోన్ మోగింది. ఎడమచేత్తో ఎత్తాను.

"సార్, ముల్లు ఊగుతాండాది సార్."

"ఊగనీలే అప్పా, లోడ్ పెంచినప్పుడు ఊగదా? నిలబడుతుంది."

"నిలబడ్లేదు సార్. పోను పోను ఎక్కువైతాంది. ఆ పెట్టె తీసేసేదా?"

"వద్దు వద్దు. అది ఉంటేనే ఊగుడు ఆగేది. ఉండనీ."

"మీరు ఒకసారి వస్తారా సార్? నాకు యాలనో భయమైతాంది."

"అన్నం తిని వస్తా. ఉండనీ దాన్ని."

ఫోన్ పెట్టేశాక చేతిలో ముద్ద అలాగే ఉంది. ఆ క్షణంలో నాకు తెలుసా? ఈ ప్రశ్న నన్ను నేను ఎన్నిసార్లు అడిగానో. ఎక్కువైతాంది అన్న మాట వినగానే ఆ రెండు వైర్లు కళ్లముందు మెదిలాయి. మెదిలాయి, ఇది నిజం. అయినా తీసేయమనలేదు. తీసేస్తే ఊగుడు ఆగిపోతుంది, ఆగితే తప్పు పెట్టెదని తేలుతుంది, పెట్టె అంటే నేను. అంత లెక్క అన్నం ముందు కూర్చుని వేశానా, లేక తర్వాత నన్ను నేను శిక్షించుకోవడానికి కల్పించుకుంటున్నానా? తెలియదు. ముద్ద నోట్లో పెట్టుకున్నది మాత్రం గుర్తుంది.

తర్వాత వచ్చిన చప్పుడు మా ఇంటి కిటికీలను అదిలించింది. జనరేటర్ బయటి లైనుతో జత తప్పిపోయింది. మాబాషా పరిగెత్తి, జనరేటర్‌ను లైను నుంచి విడగొట్టే బ్రేకర్ తెరవబోయాడు. అంత ఊగుడుకు తట్టుకోలేక అది పగిలింది, లోపల మరుగుతున్న నూనె అంటుకుని అతని మీద పడింది. నేను చేరేసరికి అతన్ని గోనెపట్టాల్లో చుట్టి జీపులోకి ఎక్కిస్తున్నారు. కుడిచెయ్యి బయటికి ఉంది. దాన్ని చూడలేక తల తిప్పుకున్నాను.

అందరూ ఆ జీపు వెనక నంద్యాల ఆసుపత్రికి పోయారు. నేను పోలేదు. మిల్లు చూసుకోవాలన్నాను. మనిషి లేని కంట్రోల్ రూమ్‌లో, కాలిన నూనె వాసనలో, ప్యానెల్ తెరిచి వైర్ల వెంట చివరిదాకా వెళ్లి చూశాను. తారుమారే. ఎవరైనా వస్తారేమోనని తలుపు వైపు చూస్తూ, వైర్లు మార్చి బిగించేశాను.

అదే అతని మెడకు చుట్టుకుంది. బ్రేకర్ కొత్తది పెట్టి, మళ్లీ నడిపి, విచారణకు బయటి నుంచి వచ్చినవాళ్లు పరీక్ష చేశారు. ముల్లు ఇట్టే నిలబడింది. పెట్టె మంచిదైతే ఇక తప్పు మనిషిది. ముల్లు ఊగుతుంటే చూస్తూ కూర్చున్నాడు, లోడ్ దించలేదు, పైవాళ్లకు చెప్పలేదు అన్నారు. చేతికి కట్టుతో నిలబడి మాబాషా "సారుకు ఫోన్ చేసినా" అన్నాడు. అందరూ నా వైపు తిరిగారు.

"నాకే ఫోనూ రాలేదు" అన్నాను.

అతను కోపపడలేదు. నా మొహంలోకి చూశాడు, ఏదో అర్థం కానట్టు. ఉద్యోగం తీసేశారు.

ఆ రోజు నుంచి నాకు అందరూ భయమే. గేటు దగ్గర కొత్త మనిషి కనిపిస్తే భయం. మేనేజరు పిలిచాడంటే భయం. అన్నిటికన్నా ఇంట్లో భయం. ఆ ఫోన్ మోగినప్పుడు మజ్జిగ గిన్నె పట్టుకుని నా పక్కనే నిలబడి ఉంది నా భార్య. నా మాటలన్నీ విన్నది. ఇన్నేళ్లలో ఒక్కమాట అడగలేదు. అప్పటి నుంచి మాత్రం అన్నం వడ్డించేసి లోపలికి వెళ్లిపోవడం అలవాటు చేసుకుంది.

మిల్లు మూతపడ్డాక వేరే చోట పనిలో కుదిరాను. ఆళ్లగడ్డ మీదుగా పోవలసి వస్తే వేరే దారి వెతుక్కునేవాణ్ణి. పోయిన ఏడాది ఒక పెళ్లికి తప్పలేదు. బస్టాండులో బస్సు ఆగింది. దాహం వేసి దిగి సోడా బండి దగ్గరికి వెళ్లాను. సోడా గోలీని ఎడమ అరచేత్తో నొక్కుతున్నాడు ఒకాయన. కుడిచేతి వేళ్లు అతుక్కుపోయి ఉన్నాయి. తలెత్తాడు. పారిపోదామనుకున్నాను. అప్పటికే గుర్తుపట్టేశాడు.

"సార్! బాగుండారా? తాగండి సార్, దుడ్లు యాడివి మీ దగ్గర తీసుకునేది!"

సోడా అందుకున్నాను. అతను గుడ్డతో సీసాలు తుడుస్తూ, మెల్లగా, నన్ను నొప్పించకుండా అడిగాడు.

"ఏమనుకోవద్దండి సార్, ఒకటి అడుగుతా. ఆ పొద్దు నేను మీకు ఫోన్ చేసినానా? చేసినట్టే ఉంటాది నాకు. చేసింటే సారు చెప్పకుండా ఉంటారా, నీకే మతి తప్పిందని మా ఇంట్లో అంటారు. ఆ మంటల్లో ఏదో అట్ల తోచిందేమో లే సార్."

చెప్పొచ్చు. పక్కన ఎవరూ లేరు. అడిగేవాళ్లు లేరు, ఉద్యోగం పోతుందన్న భయం లేదు, ఆ మిల్లే లేదు. ఒక్క మాట.

"నాకూ సరిగా గుర్తు లేదప్పా" అన్నాను.

అతను తలూపాడు. ఊరికే అడిగానన్నట్టు నవ్వాడు. నేను బస్సెక్కి అవతలి వైపు సీట్లో కూర్చున్నాను.

ఉద్యోగం తీయించాను, చెయ్యి కాల్చాను, అవన్నీ ఒక ఎత్తు. ఆ మనిషి తన జ్ఞాపకాన్నే తాను నమ్మకుండా చేశాను. దీనికి క్షమించమని ఎవర్ని అడగాలి? అడగను. రేపు పోయి అతని ముందు నిలబడతానా? మాట ఇవ్వలేను, నా సంగతి నాకు తెలుసు. ఇదంతా రాస్తుంటే ఎప్పుడో బిగుసుకుపోయిన ఊపిరి కొంచెం వదులైంది. ఆ సుఖానికి నాకు హక్కు లేదని కూడా తెలుసు. అయినా ఆళ్లగడ్డ బస్టాండులో చెప్పలేని మాట ఇక్కడ చెబుతున్నాను.

మాబాషా, నీ మతి తప్పలేదు. నువ్వు ఫోన్ చేశావు. నేను ఎత్తాను. తీసేసేదా అని నువ్వు అడిగావు. ఉండనీ అన్నది నేను.