ముందు వాతావరణం, తర్వాత తప్పు

అంజయ్య అన్నకు క్షమాపణ పత్రాలు రాయడమంటే ప్రాణం. కొందరికి పేకాట, కొందరికి క్రికెట్, ఆయనకు ఇది. తప్పు తనదే కానక్కర్లేదు. ఎవరో ఒకరు ఎక్కడో ఒకచోట తప్పు చేస్తే చాలు, పెన్ను మూత తీసేవాడు.

ఇప్పుడు నేను వర్జీనియాలో, ఆష్‌బర్న్‌లో, డేటా సెంటర్లో సర్వర్లు వేడెక్కకుండా చూసే ఉద్యోగం చేస్తున్నాను. పదహారేళ్ల కిందట దక్షిణ కొరియాలో ఎమ్మెస్ చదువుతూ యూనివర్సిటీ డార్మిటరీలో 412వ గదిలో ఉండేవాణ్ణి. నా రూమ్మేట్ అంజయ్య అన్న. కరీంనగర్ మనిషి. పీహెచ్‌డీ ఐదో ఏడు.

ఆ డార్మిటరీలో అన్నిటికీ పాయింట్లే. మార్కులనుకునేరు, పెనాల్టీ పాయింట్లు. ప్లాస్టిక్ సీసా మీది కాగితం పీకకుండా చెత్తబుట్టలో వేస్తే ఒకటి. గేటు వేశాక వస్తే రెండు. గదిలో వంట చేస్తే ఏకంగా ఐదు. పది దాటితే పెట్టె సర్దుకోవడమే. అయితే వార్డెన్ గారికి కొరియన్‌లో పశ్చాత్తాప పత్రం రాసిస్తే, ఆయన మనసు కరిగినంత మేరకు ఒకటో రెండో తగ్గించేవారు.

అంజయ్య అన్న దుకాణం అక్కడే తెరుచుకుంది. నాలుగో అంతస్తులో ఏ దేశం కుర్రాడికి పాయింట్లు పడినా మా తలుపే తట్టేవాడు. అన్న వాణ్ణి మంచం మీద కూర్చోబెట్టి డాక్టరులా అడిగేవాడు.

"ఎప్పటి నుంచి? మొదటిసారేనా? సాక్షులున్నరా?"

ఆ తర్వాత రాత. ప్రతి పత్రమూ వాతావరణంతోనే మొదలయ్యేది. "గింగ్కో చెట్ల ఆకులు పసుపు రంగుకు తిరుగుతున్న ఈ వేళ మీ ఆరోగ్యం ఎలా ఉన్నదో అని తలుచుకుంటూ..." అని అరపేజీ సాగాక గానీ సీసా సంగతి వచ్చేది కాదు.

"ఎందుకన్నా ఇంత సోది?" అనేవాణ్ణి.

"తమ్మీ, ముందు వాతావరణం, తర్వాత తప్పు. చలి గురించి చదివినోడికి కోపమెట్లొస్తది? ముందు మనిషి స్వెటర్ వెతుక్కుంటడు."

ఆయన పిచ్చి పత్రాలతో ఆగేది కాదు. లిఫ్ట్‌లో ఎవరైనా ఆయన కాలు తొక్కితే ఆయనే సారీ చెప్పేవాడు. వాషింగ్ మెషిన్‌లో పక్కవాడి బట్టలు ముడుచుకుపోతే, ఆ మెషిన్ తరఫున ఒక చీటీ రాసి పెట్టాడు. అందులో మొదటి వాక్యం వాన గురించి. పైగా కొరియా వాళ్లలా తన పేరుతో చిన్న ముద్ర చేయించుకున్నాడు. పత్రం పూర్తికాగానే దాన్ని ఎర్ర సిరాలో అద్ది, నోటితో "హా" అని ఊది, ఠప్పున వేసేవాడు. ఆ చప్పుడు గోడ అవతలికి కూడా వినిపించేది.

నాకు మాత్రం కొరియన్ అంటే అన్నం, నీళ్లు, థాంక్యూ. అక్షరాలు కూడా రావు. క్లాసులన్నీ ఇంగ్లీషులో, కష్టాలన్నీ అన్న చేతిలో. ఇంక నేర్చుకోవాల్సిన అవసరమేముంది?

డిసెంబరులో ఒక ఆదివారం పొద్దున నా ప్రాణానికి పప్పు కావాలనిపించింది. అన్న బట్టలు ఉతకడానికి కిందికి వెళ్లాడు. సూట్‌కేసులో దాచిన కరెంటు పొయ్యి తీశాను. పప్పు ఉడికింది. ఎండుమిర్చి, వెల్లుల్లి వేసి పోపు పెట్టాను. అంతే, సీలింగులో ఉన్న, పొగను పసిగట్టే యంత్రం గొంతు చించుకుంది.

మూడు వందల మంది పైజామాల్లో, మైనస్ ఎనిమిది చలిలో, రోడ్డు మీదికొచ్చి దగ్గుతూ నిలబడ్డారు. అందరూ పాస్‌పోర్టులు, లాప్‌టాప్‌లు చంకన పెట్టుకుని పరుగెత్తారు. అంజయ్య అన్న ఒక్కడు తడి బట్టల బుట్టలో కాగితాలు, పెన్ను పెట్టుకుని వచ్చాడు.

"రఘూ, నీకెన్ని ఉన్నయి?" అని నా చెవిలో అడిగాడు.

"ఆరు."

"ఐదు కలిపితే పదకొండు." ఆయన ముఖంలో మొదటిసారి నవ్వు లేదు. డార్మ్ నుంచి తీసేస్తే ఎమ్మెస్ వాళ్లకు స్కాలర్‌షిప్ కూడా పోతుంది. అది లేకపోతే నా చదువు అక్కడితో సమాప్తం, తిరుగు విమానమే. నాకు ఏడుపొచ్చింది.

"అన్నా, నీ జీవితంలో అన్నిటికంటే మంచి క్షమాపణ రాయి."

మధ్యాహ్నం దాకా రాశాడు. రఫ్ కాపీ, తర్వాత ఫెయిర్ కాపీ. చివర ముద్ర వేశాడు.

"నీ ముద్ర ఎందుకన్నా?"

"నీకు లేదు గద. ముద్ర లేని కాగితం ఇక్కడ ఎవ్వడు చూడడు. పో, ఇచ్చి, తల వంచి నిలబడు. నోరు తెరవకు."

ఇచ్చాను. తల వంచాను. వార్డెన్ గారు చదివి, కళ్లజోడు తీసి, చాలాసేపు నన్నే చూశారు. బల్ల మీది కమలాపండు ఒకటి నా చేతిలో పెట్టి పంపేశారు. నాకు ఒక్క పాయింటు కూడా పడలేదు!

ఆ పత్రానికి మహిమ ఉందని తేల్చేసుకున్నాను. అన్న చెత్తకాగితాల బుట్టలో వేసిన రఫ్ కాపీని ఆయన చూడకుండా తీసి నా సర్టిఫికెట్ల ఫైల్లో పెట్టుకున్నాను.

ఆ వారమే నోటీసు బోర్డు మీద ఏదో కాగితం అంటించారు. కొరియన్‌లో ఉంది. దాని పక్కనే నిలబడి రోజూ కాఫీ తాగాను. శుక్రవారం అంజయ్య అన్న పెట్టె సర్దాడు.

"డార్మ్‌ల నేల వెచ్చగ ఉంటది తమ్మీ, పడుకుంటే లేవబుద్ధి కాదు. థీసిస్ ఎప్పుడు రాయాలె? బయట ఒక గది చూసుకున్న. కిటికీ కూడ లేదు, మస్తు ఏకాగ్రత."

కింద వేడినీళ్ల గొట్టాలతో వెచ్చగా ఉండే నేల వదిలి నడిచలికాలంలో కిటికీ లేని అగ్గిపెట్టెలోకి పోయేవాణ్ణి ఏమంటారు? మేమంతా కడుపుబ్బ నవ్వాం. దానికి 'అంజయ్య వనవాసం' అని పేరు పెట్టింది నేనే. క్యాంటీన్లో కనిపిస్తే "వనవాసం ఎలా ఉందన్నా?" అని అడిగేవాణ్ణి. ఆయనేమో, "సారీ తమ్మీ, నీకు పొద్దున లేపేటోడు లేకుండ పోయిండు" అనేవాడు.

నేను అమెరికా వచ్చాను. అన్న కూడా తర్వాత న్యూజెర్సీలో, ప్లెయిన్స్‌బరోలో ఫార్మా ఉద్యోగంలో చేరాడు. దసరాకు ఫోను, పుట్టినరోజుకు మెసేజి. ఆ రఫ్ కాపీ మాత్రం నన్ను వదల్లేదు. వీసా ఇంటర్వ్యూకి అదే జేబులో. H-1B లాటరీకి అదే. ఇల్లు కొన్నరోజు దేవుడి పటం వెనక అదే.

పోయిన నెల మా అమ్మాయి భవితకు అది దొరికింది. పదమూడేళ్లు. కొరియన్ సీరియళ్లు చూసి చూసి ఆ భాష సొంతంగా నేర్చుకుంది.

"డాడీ, దిస్ ఈజ్ కొరియన్! చదవనా?"

"చదువమ్మా. నీ డాడీని నిలబెట్టిన కాగితం అది."

సోఫాలో వెనక్కి వాలాను. మా ఆవిడ కృష్ణవేణి కూడా వంటింట్లోంచి వచ్చింది.

"ఓకే. 'స్నో పడుతోంది, వార్డెన్ గారూ, మీరు హెల్దీగా ఉన్నారా...' ఇది చాలా లాంగ్‌గా ఉంది డాడీ."

"అది అన్న స్టైలు. కానీ."

"'ఈ రోజు 412లో వంట చేసింది నేను, అంజయ్య. రఘు రూమ్‌లో లేడు. బట్టలు వాష్ చేయడానికి వెళ్లాడు.'" భవిత ఆగింది. "వెయిట్. డాడీ, ఇది నీ అపాలజీ కాదు."

నేను సోఫాలో నిటారుగా లేచి కూర్చున్నాను.

"'రఘుకి వంట అస్సలు రాదు.'"

"అదొక్కటీ నిజం," అంది కృష్ణవేణి.

"'నాకు ఆల్రెడీ ఎనిమిది పాయింట్స్ ఉన్నాయి. రూల్ నాకు తెలుసు. ఫ్రైడే లోపల రూమ్ ఖాళీ చేస్తాను. రఘు మంచి స్టూడెంట్. అతనికి చెప్పకండి, ప్లీజ్.'"

ఆ ఎనిమిదీ ఎవరెవరి తప్పులకు ఆయన నెత్తిన వేసుకున్నవో అని ఇప్పుడు నాకు అనుమానం. నేను పక్కన నిలబడి కాఫీ తాగిన ఆ నోటీసు కూడా ఆయన్ని తీసేసినట్టు చెప్పేదే అయ్యుండాలి. నేను మహిమ అనుకుని పదహారేళ్లు జేబులో మోసింది ఆయన ఖాళీ చేసిన గదిని. ఆయన్ని చూసి నవ్వినందుకు సిగ్గుతో తల దించుకున్నాను. ఈసారి వంచమని ఎవరూ చెప్పలేదు.

ఫోను చేయలేదు. చేస్తే ఆయనే సారీ చెప్పేస్తాడు. భవితను పక్కన కూర్చోబెట్టుకుని మూడు సాయంత్రాలు కష్టపడి, నా చేత్తో, కొరియన్‌లో ఒక పత్రం రాశాను. ఆష్‌బర్న్‌లో ఎండలు, ఉక్కపోత, పక్కింటివాళ్ల గడ్డి ఎండిపోయిన వైనం, అన్నీ అరపేజీ. తర్వాత నా తప్పు. కవరులో పెట్టి పోస్టు చేశాను.

వారానికి అదే కాగితం తిరిగొచ్చింది. అక్కడక్కడ ఎర్ర ఇంకు దిద్దుబాట్లు. అడుగున ఠప్పున వేసిన ముద్ర, దాని పైన రెండు ముక్కలు తెలుగులో:

"తమ్మీ, వాతావరణం మంచిగ రాసినవు. తప్పు ఏందో నాకు సమజ్ కాలె. అనవసరంగ ఏడిపించినందుకు ఐదు పాయింట్లు. నీకు అప్పటి ఆరున్నయి, కలిపితే పదకొండు. రూలు ప్రకారం ఇల్లు ఖాళీ చేసి శనివారం పెండ్లాం పిల్లతోని మా ఇంటికి రావాలె. పప్పు నేను చేస్త. పోపు కాడికి మాత్రం నువ్వు రాకు."